అడిగేదాకా ఆగిన చెయ్యి

పోయిన వారం పెద్దాయనను ఒక చేత్తో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ, నోరు తెరిచి ఉన్నవాణ్ణి ఉన్నట్టే వదిలేసి వచ్చాం. పాపం, అప్పట్నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు. ముందు ఆ పళ్ళెం దింపిద్దాం.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. బస్టాండు ఎదురుగా ఆయనకో టీ కొట్టు ఉంది. కొట్టు వెనకే ఇల్లు. కొడుకు దూరపు బస్సు నడుపుతాడు, ఇంట్లో కన్నా స్టీరింగు వెనకే ఎక్కువ కాపురం చేస్తాడు. కోడలు కొట్టులో పొయ్యి దగ్గర మామగారికి సాయం. వాళ్ళ కూతురికి మూడేళ్ళు నిండబోతున్నాయి. పేరుంది గానీ ఎవరూ ఆ పేరుతో పిలవరు, అందరికీ ఆ పిల్ల మహారాణి. పిలిస్తే తిరిగి చూడదు. వేలెత్తి ఏదీ చూపించదు. స్పూన్లన్నీ వరసగా పేరుస్తుంది, అందులో ఒకటి కదిలిస్తే కొట్టు నెత్తిన కూలినట్టు ఏడుస్తుంది. బస్సు హారను మోగితే చెవులు మూసుకుని బల్ల కిందకు దూరుతుంది. మాట ఒక్కటి లేదు. కోడలు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పిల్లల డాక్టరుకు చూపించి వచ్చింది. ఆ డాక్టరుగారు పాపను ఆడించి, చూసి, తల్లిని ఓపిగ్గా అడిగి, ఆటిజం అని తేల్చారు. ఆ మాట కోడలి నోట వినగానే పెద్దాయన, "మా ఇంటా వంటా లేవమ్మా అలాంటివి!" అని అరిచాడు. మనం అక్కడే ఆగాం.

కోడలు ఆ పళ్ళెం ఆయన చేతిలోంచి తీసుకుంది.

"మధ్యాహ్నం మాటల టీచరు వస్తోంది మామయ్యా. డాక్టరుగారే పంపిస్తున్నారు. పాపను మన కొట్టులోనే చూస్తానంది."

"కొట్టులో చూడ్డానికేముంది? బన్నులు, ఈగలు."

"మిమ్మల్ని కూడా చూస్తుందట."

"నాకేం రోగం?"

"మీకూ లేదు, దానికీ లేదు. రోగం కాదని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. ఆ అమ్మాయి వచ్చినప్పుడు మాత్రం కాస్త మంచిగా మాట్లాడండి."

పెద్దాయన మీసం సవరించుకున్నాడు. కొట్టుకొచ్చిన మనిషితో చెడ్డగా మాట్లాడ్డం ఆయనకు చేతకాదు. అసలు ఆ కొట్టులో మాట్లాడాల్సిన అవసరమే ఎవరికీ రాదు. వచ్చి కూర్చుంటే చాలు, ఎవరికి కావలసింది వాళ్ళ ముందుకు వస్తుంది. అడుగుల చప్పుడు విని చక్కెర ఎంతో చెప్పేస్తాడంటారు. వెళ్ళిపోతున్న బస్సులో ఒకాయన టీ తాగితే బాగుండునని మనసులో అనుకున్నాడట, బస్సు మలుపు తిరిగేలోపు కిటికీలోంచి గ్లాసు అందిందట. ఇంకొకాయనకు మర్నాడు రాబోయే తలనొప్పికి ముందురోజే అల్లం టీ ఇచ్చాడనీ, ఆ తలనొప్పి సిగ్గుపడి రానేలేదనీ చెబుతారు. ఈ కథల్లో సగం నేను నమ్మను. మిగతా సగం పుట్టించింది నేనే.

"అడిగితే ఎవడైనా ఇస్తాడు, అందులో నా పనితనమేముంది?" అనేది పెద్దాయన ధీమా.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక మాటల టీచరు వచ్చింది. చిన్న వయసు, భుజాన పెద్ద సంచి. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు, తిన్నగా వెళ్ళి మహారాణి స్పూన్లు పేర్చుకుంటున్న బల్ల కిందకు దూరింది. పలకరించలేదు, బుగ్గ గిల్లలేదు. పడి ఉన్న స్పూను ఒకటి తీసి, పిల్ల పెట్టినట్టే, వరస చివర పెట్టింది. మహారాణి ఆవిడ వైపు చూడలేదు గానీ ఆ స్పూను వైపు చూసింది. తీసేయలేదు.

అంతలో బల్ల కిందికే టీ గ్లాసు వచ్చింది. చిక్కగా ఉంది, చక్కెర తక్కువ.

"నేనేం అడగలేదే!"

"అడిగితే ఇచ్చే కొట్లు ఎదురు వరసలో చాలా ఉన్నాయమ్మాయ్."

"చక్కెర తక్కువని ఎలా తెలిసింది?"

"వస్తూ వస్తూ అద్దాల బీరువాలో కేకుల వైపు చూశావు, చూసి మొహం తిప్పుకున్నావు. ఏదో ఒట్టు పెట్టుకున్నట్టున్నావు."

టీచరు పకపకా నవ్వి బల్లకు తల కొట్టుకుంది. పెద్దాయన మీసం ఇంకాస్త పైకి లేచింది. అమ్మాయి మంచిదే అనుకున్నాడు.

అప్పుడే మహారాణి లేచింది. గల్లా వైపు అడుగు వేసిందో లేదో, పాల కప్పు ఆ పిల్ల చేతిలో ఉంది. తాగింది, కప్పు వదిలేసింది. అది నేల తాకకముందే పెద్దాయన పట్టుకున్నాడు.

"ఇప్పుడేం జరిగింది తాతగారూ?"

"ఏం జరిగింది? పాలు తాగింది."

"అడిగిందా?"

"మా మహారాణి అడగడమేమిటి! ఎడమ భుజం కాస్త వంచితే పాలు. బొటనవేలు నేలకు రాస్తే నీళ్ళు. రెప్పలు టపటపలాడితే ఫ్యాను చప్పుడు ఎక్కువైందని. నిద్ర వచ్చేముందు చెవి తమ్మె లాక్కుంటుంది, అదీ కుడిది."

టీచరు బల్ల కిందనుంచి బయటికొచ్చింది. "నిజంగా చెబుతున్నా, పిల్లను ఇంత బాగా చదివిన తాతను నేనింతవరకు చూడలేదు."

"ఏదో, మీ అభిమానం."

"అందుకే పాపకు మీతో పని పడలేదు. మీ చేత్తోనే పని."

పెద్దాయన మీసం కిందికి దిగింది. "అంటే... నా వల్లే ఇలా అయిందా?"

"కాదు." ఆ ఒక్క మాట ఆవిడ చాలా గట్టిగా అంది. "పాప పుట్టుకే అలాంటిది. మెదడు లోకాన్ని అందుకునే తీరు వేరు. మీరు ముద్దు చేసినా, చెయ్యకపోయినా ఇలాగే ఉండేది. కాకపోతే మీ చెయ్యి మరీ చురుకు. అది కమ్మేయబట్టి పాపకు అడగడం రాదన్న సంగతి బయటపడలేదు. ఇప్పుడు నాకు ఆ చెయ్యే కావాలి. కాస్త ఆలస్యంగా."

ఎలాగో చెప్పింది. బన్ను చిన్న చిన్న ముక్కలు చెయ్యాలి. గాజు సీసాలో, పాపకు కనబడేలా, అందకుండా పెట్టాలి. పాప వచ్చినప్పుడు తన ఎత్తుకు వంగి, ముక్కను తన మొహం దగ్గర పట్టుకుని, పెదాలు కనబడేలా 'బన్ను' అనాలి. అని ఆగాలి. చూపు గానీ, చెయ్యి చాపడం గానీ, చిన్న శబ్దం గానీ, ఏది వచ్చినా అదే అడిగినట్టు. వెంటనే ఇచ్చేయాలి. పాలూ నీళ్ళూ భోజనం మాత్రం ఎప్పటిలాగే, వాటికి ఆపకూడదు.

"ఏడిపించమనడం లేదు. విసుగొస్తే ఇచ్చేయండి, ఇంకోసారి చూసుకుందాం. మీరు ఒక్క క్షణం ఆగితే పాపకు అడిగే చోటు దొరుకుతుంది."

పెద్దాయన మొహం ఎర్రబడింది. "పసిదాని నోటి ముందు తిండి పట్టుకుని ఆడించమంటావా? ఈ కొట్టు మెట్ల మీద పడుకునే కుక్క కూడా నా ముందు తోక ఊపాల్సిన పని లేదు, తెలుసా? నా మనవరాలు మాత్రం నన్ను ప్రాధేయపడాలా? నావల్ల కాదు. ఇంకెవరినైనా చూసుకో అమ్మాయ్. టీ చల్లారుతోంది, తాగి వెళ్ళు."

పొయ్యి కట్టేసిన చప్పుడైంది. కోడలు కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"మామయ్యా, మీకొకటి చెప్పలేదు."

"ఇంకా ఉన్నాయా చెప్పనివి?"

"మీ కంటి ఆపరేషన్ రోజు పాపను మా అక్క దగ్గర వదిలి ఆసుపత్రికి వచ్చాం, గుర్తుందా? ఆ రోజంతా ఇది నీళ్ళు తాగలేదు."

"అదేమిటి? మీ అక్క ఇవ్వలేదా?"

"ఇచ్చింది. వేరే రంగు గ్లాసు. తోసేసింది. దాహం లేదనుకుంది అక్క. తర్వాత వెళ్ళి గోడ పక్కన నిలబడిందట. బొటనవేలు నేలకు రాస్తూ. సాయంత్రం దాకా. నేను వెళ్ళేసరికి అక్క మురిసిపోతూ చెప్పింది, 'ఎంత బుద్ధిమంతురాలే నీ కూతురు, గోల లేదు, గొడవ లేదు' అని. ఎత్తుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. పెదాలు పగిలిపోయాయి."

పెద్దాయన ఏదో అనబోయాడు.

"ఆ ఇంట్లో నీళ్ళున్నాయి మామయ్యా. దీనిమీద ప్రాణం పెట్టే మనిషీ ఉంది. మీరు లేరంతే. మర్నాడే నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రేపు బడిలో వేస్తే అక్కడ దీని బొటనవేలు ఎవరు చూస్తారు?"

కొట్టు పెట్టినప్పట్నుంచి పెద్దాయన వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాడు. మహారాణి స్పూన్ల వరస ఆయన చెప్పుల దాకా వచ్చి ఆగింది. పక్కకు జరగమన్నట్టు ఆయన పాదాన్ని రెండు చేతులతో తోసింది. ఆయన జరిగాడు.

తలెత్తి, "ఏ ముక్క ఎంత ఉండాలో చెప్పమ్మాయ్," అన్నాడు.

చెప్పినంత తేలిగ్గా చెయ్యి విన్నదా? వినలేదు. ఆయన 'ఆగాలి' అనుకునేలోపే ముక్క పిల్ల నోట్లో ఉండేది. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని చూశాడు. రెండో చెయ్యి వెళ్ళి ఇచ్చేసింది. ఇలా కాదని, ముందు పెద్దవాళ్ళ మీద సాధన చేద్దామని నిశ్చయించుకున్నాడు.

పొద్దున్నే గడియారాల మేస్త్రి వచ్చి తన మూల కూర్చున్నాడు. పక్క వీధిలో గడియారాలు బాగుచేస్తాడు. పెద్దాయనకు చిన్ననాటి స్నేహితుడు, వరసకేమీ కాకపోయినా బావ. ఇన్నేళ్ళలో 'టీ' అన్న మాట ఆ కొట్టులో ఆయన నోట రాలేదు. పెద్దాయన వచ్చి ఎదురుగా నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మేస్త్రి చూశాడు. పెద్దాయనా చూశాడు.

"ఏం కావాలి?"

పేపరు చదువుతున్న పోస్టాయన పేపరు దించాడు.

"ఏమిటి బావా?" అన్నాడు మేస్త్రి.

"ఏం కావాలీ అని."

మేస్త్రి కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, మీ మామ మూతి ఓ పక్కకేమన్నా లాగుతోందేమో చూడు. మా బావమరిదికి ఇలాగే మొదలైంది."

"మూతి బాగానే ఉంది బాబాయ్. మీరు అడగండి, ఇస్తారు."

"అడగాలా! నేనా! నేనేం పాపం చేశానని?"

"అడక్కపోతే ఇవ్వను," అన్నాడు పెద్దాయన. వెనక ఆయన చేతులు ఒకదాన్నొకటి నులుముకుంటున్నాయి.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. చుట్టూ చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడి ఉండడు. "టీ," అన్నాడు లోగొంతుకతో.

గ్లాసు వచ్చేసింది. ఆ టీ తాగుతూ మేస్త్రి, "ఇన్నాళ్ళూ స్నేహితుడివనుకున్నాను, దుకాణదారువన్నమాట," అని సగం గ్లాసు దాకా సణిగాడు. సంగతంతా వివరించి చెప్పాక మిగతా సగం తాగాడు. పెద్దాయన 'ఏం కావాలి' అని అడుగుతున్నాడట అన్న వార్త బస్సులతో పాటు ఊళ్ళు దాటింది. ఆ మాట చెవులారా వినిపోదామని దారి మళ్ళించుకుని వచ్చినవాళ్ళున్నారు. అబద్ధమైతే నా మీసం తీసేయండి. నాకు మీసం లేదనుకోండి.

చేతికి కళ్ళెం పడింది గానీ మహారాణి మాత్రం రావడం లేదు. సీసా వైపు ఓసారి చూసేది, పెద్దాయన ముక్క ఎత్తి 'బన్ను' అనేసరికి వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. మారాము లేదు, ఏడుపు లేదు. రోజూ ఇదే తంతు. పెద్దాయనకు దిగులు పట్టుకుంది.

"దానికి నా మీద కోపం వచ్చిందేమోనమ్మా."

"కోపం కాదు మామయ్యా. దీనికి ఆకలే వెయ్యడం లేదు. బుగ్గలు చూడండి, ఎలా ఊరాయో."

బుగ్గలు నిజంగానే ఊరాయి. కోడలు బల్ల కింద ఊడ్చబోయి చీపురు ఆపింది. స్పూన్ల పక్కన బన్ను పొడి. పైన బల్ల దగ్గర గడియారాల మేస్త్రి, పోస్టాయన, ఇంకో ఇద్దరు పాత నేస్తాలు ఆకాశం వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. కొట్టుకు పైకప్పు ఉంది. ఆకాశం కనబడదు.

"బాబాయ్, మీ జేబు చూపించండి."

"జేబులో స్ప్రింగులున్నాయమ్మా, గుచ్చుకుంటాయి."

పెద్దాయన వచ్చి తనే చెయ్యి పెట్టాడు. స్ప్రింగులతో పాటు బన్ను ముక్కలు వచ్చాయి. ఒకదానికి చిన్న పళ్ళచక్రం కూడా అతుక్కుని ఉంది.

"నీ చేతులు విరగ్గొడతాను!"

"అరవకు బావా. ఆ పిల్ల ఇటు వచ్చి నిలబడితే నా చెయ్యి ఊరుకోలేదు. ఎవరు నేర్పారు మాకీ జబ్బు? నువ్వు కాదూ? ఇన్నేళ్ళు నీ చేతి టీ తాగినవాళ్ళం!"

"నేనొక్కణ్ణే ఇస్తున్నాననుకున్నా," అన్నాడు పోస్టాయన తలవంచుకుని.

పెద్దాయనకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. వాళ్ళ పక్కనే బెంచీ మీద కూలబడి, కోడలి అక్కగారింట్లో గోడ పక్కన ఏం జరిగిందో చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఎవరూ గ్లాసు ఎత్తలేదు. చెప్పడం అయ్యాక మేస్త్రి రెండో జేబు కూడా తనంతట తానే ఖాళీ చేశాడు. బన్ను దాంట్లో ఇంకా ఎక్కువుంది.

ఆ తర్వాత కొట్టులో అందరి చేతులూ బల్లల మీదే ఉన్నాయి.

మర్నాడు మహారాణి మేస్త్రి దగ్గరికి వెళ్ళింది, ఆయన కళ్ళు మూసుకున్నాడు. పోస్టాయన దగ్గరికి వెళ్ళింది, ఆయన తన చేతుల మీద తనే కూర్చున్నాడు. చివరికి సీసా దగ్గరికొచ్చింది. పెద్దాయన మోకాళ్ళు పటపటమంటుండగా కిందికి దిగి ఆ పిల్ల ఎత్తుకు వచ్చాడు.

ఆ పిల్ల ఆయన మణికట్టు పట్టుకుని సీసా వైపు లాగింది. గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ చేతికి ఒక మనిషి అతికి ఉన్నాడన్న ధ్యాసే లేదు. ఆయన కదల్లేదు. ముక్కను మీసం పక్కన పట్టుకున్నాడు.

"బన్ను."

ఆగాడు. ఇంకోసారి లాగింది. ముక్కుపుటాలు అదిరాయి, ఏడుపు అంచుల్లోకి వచ్చింది. కోడలు పొయ్యి దగ్గర కొంగు కొరుకుతోంది. ఆ కాసేపు గిన్నెలో టీ కూడా మరగడం మానేసిందని మేస్త్రి ఈనాటికీ ఒట్టేసి చెబుతాడు.

పిల్ల చూపు మణికట్టు మీంచి మోచేతికి పాకింది. మోచెయ్యి నుంచి భుజానికి, అక్కణ్ణుంచి మీసానికి. మీసం దగ్గర ఆగి, ఈ తుప్ప ఎవరిదా అన్నట్టు ఇంకాస్త పైకి వెళ్ళింది. ఆయన కళ్ళల్లోకి చూసింది. రెప్పపాటు.

అంత వేగంగా ఆయన జన్మలో ఎవరికీ ఏదీ ఇచ్చి ఉండడు. "బన్ను! ఇదిగో తల్లీ, బన్ను!" అని ఇచ్చేసి, లేచి గబగబా పొయ్యి వెనక్కి వెళ్ళిపోయాడు.

"పొగ," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"గ్యాసు పొయ్యి మామయ్యా," అంది కోడలు. తనూ కళ్ళు తుడుచుకుంటూనే అంది.

మాటల టీచరు వచ్చి విని సంతోషించింది గానీ గంతులెయ్యలేదు. "మొదలైంది. మాటలే వస్తాయని నేను హామీ ఇవ్వను తాతగారూ. సైగలు కావచ్చు, బొమ్మల కార్డులు కావచ్చు. ఏ దారిన అడిగినా అడిగినట్టే, ఏదొచ్చినా మీరు అందుకోవాలి. కానీ మీ దగ్గర వచ్చినంత మాత్రాన బయటివాళ్ళ దగ్గర వస్తుందనుకోకండి. ఇలాంటి పిల్లలకు అది ఇంకో కొండ. నిదానంగా ఎక్కిద్దాం."

నిదానంగానే ఎక్కిద్దామనుకున్నారు అందరూ. రోజుకోసారి వచ్చిన చూపు రెండుసార్లు, మూడుసార్లు రావడం మొదలైంది. పెద్దాయన అద్దంలో చూసుకుంటూ పెదాలు కలిపి విడదీసి 'బన్ను, బన్ను' అని సాధన చేస్తుంటే కొత్తగా వచ్చినవాళ్ళు భయపడి బయటే నిలబడేవారు.

అలాంటి ఒక పొద్దున, ఎవరూ ఎరగని ఒకావిడ బస్సు దిగి వచ్చింది. చేతిలో పెద్ద బ్యాగు, చెవికి ఫోను. టీ, బన్ను చెప్పి మొదటి బల్ల దగ్గర కూర్చుంది. ఆమె ఎక్కాల్సిన ఇంకో బస్సు ఎదురుగా ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ప్లేటులో బన్ను అలాగే పెట్టుకుని ఫోనులో ఎవరితోనో గట్టిగా గొడవ పడుతోంది.

మహారాణి స్పూన్లు వదిలేసి లేచింది. సీసా దగ్గరికి వెళ్ళలేదు. తాత దగ్గరికి వెళ్ళలేదు. ఆవిడ మోకాలి పక్కకు వెళ్ళి నిలబడింది.

మేస్త్రి సగం లేచాడు. పెద్దాయన దూరం నుంచే చెయ్యెత్తి ఆపాడు. కోడలు గరిటెతో సహా రెండడుగులు వేసింది. ఆ చెయ్యే ఆమెనూ ఆపింది.

పిల్ల ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఆవిడ ఉలిక్కిపడి ఫోను దించి, "ఎవరి పాపండీ ఇది? ఏం కావాలట?" అంది కొట్టంతా కలయజూస్తూ.

ఎదురుగా బస్సు హారను కొట్టింది. చెవులు మూసుకుని బల్ల కిందకు పరిగెత్తవలసిన పిల్ల ఒక చెవిని భుజానికి గట్టిగా అదుముకుంది. రెండో చెవి మూసుకోవాల్సిన చెయ్యి ఆవిడ మణికట్టు వదల్లేదు. ఆవిడ లేవబోయి, ఎందుకో ఆగి, కిందికి చూసింది. మహారాణి చూపు ఆవిడ మోచేతి మీంచి భుజానికి, భుజం మీంచి మొహానికి ఎక్కింది.

"ఎవరైనా చెప్పండి, దీనికేం కావాలో!" అంది ఆవిడ.

ఆ కొట్టులో అందరికీ తెలుసు దానికేం కావాలో. ఒక్కరూ చెప్పలేదు. పెద్దాయన రెండు చేతులతో గల్లా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

బస్సు కదలడం మొదలుపెట్టింది. మహారాణి పై పెదవి కింది పెదవి మీదికి దిగింది. రెండూ గట్టిగా కలుసుకున్నాయి, తాత 'బన్ను' అనేముందు కలిసినట్టే.